గేట్లు మూసిన రోజున కాలువలో పారేదేమిటి?

(నెల్లూరులో కాలనీ సంక్షేమ సంఘాల సభ్యులు, పొదుపు సంఘాల మహిళలు, కళాశాల విద్యార్థులు పాల్గొన్న సభలో ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం పూర్తి పాఠం)

సభాధ్యక్షులకు, కాలనీ సంఘాల పెద్దలకు, పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లకు, విద్యార్థులకు నమస్కారం.

నన్ను ఈ సభకు పిలిచిన మిత్రులు, యువకులు పారలు, తట్టలు సిద్ధం చేసుకున్నారని, ఏ కాలువలో ఎక్కడి నుంచి పూడికతీత మొదలుపెట్టాలో చెబితే చాలునని అన్నారు. వారి ఉత్సాహాన్ని నేను చిన్నబుచ్చను. అయితే పార పట్టేముందు కాలువ లెక్కలు రాసే పుస్తకం పట్టాలని చెప్పడానికే వచ్చాను. ఎంతోమంది దిగి ఎత్తిపోసిన పూడిక గట్టు మీదే ఉండిపోయి, వచ్చే వానకు మళ్లీ కాలువలోకే జారడం మీరు చూసే ఉంటారు. ఆ పూడిక ఎక్కడి నుంచి వస్తున్నది, ఏ గొట్టం నుంచి ఏ వేళకు మురుగు దిగుతున్నది, ఐదేళ్ల కిందట ఇదే చోట కాలువ ఎంత వెడల్పు ఉండేది అన్న ప్రశ్నలకు రాతలో సమాధానం లేనంతవరకు, మన ఆవేదన ఎంత నిజమైనదైనా అది ఏ కార్యాలయం గడపా దాటి లోపలికి పోదు.

ముందు మన కాలువల స్వభావం గురించి కొంత చెప్పుకోవాలి, ఎందుకంటే నెల్లూరు కాలువల కథ మిగతా పట్టణాల వాగుల కథ లాంటిది కాదు. ఊరు పెన్నకు కుడిగట్టున ఉంది. 1850ల్లో ఊరి దగ్గర ఒక ఆనకట్ట, 1880ల్లో సంగం దగ్గర ఇంకొక ఆనకట్ట కట్టిన తరువాత డెల్టా ఆయకట్టుకు నిలకడ వచ్చింది. ఎగువన 78 టీఎంసీల సోమశిల జలాశయం తోడైంది. 2022 సెప్టెంబరు 6న ఆ రెండు పాత ఆనకట్టల స్థానంలో కట్టిన బ్యారేజీలు ప్రారంభమయ్యాయి. జాఫర్ సాహెబ్ కాలువ అయినా, సర్వేపల్లి కాలువ అయినా, వాటి నుంచి చీలిన పంటకాలువలు అయినా, మొలగొలుకుల వరి పండిన కయ్యలకు నీరు పారించడానికి తవ్వినవే తప్ప, ఊరి మురుగును గానీ ఊరి వాననీటిని గానీ మోయడానికి తవ్వినవి కావు.

ఈ మాటలో పెద్ద ఇంజనీరింగు విషయం ఒకటి ఇమిడి ఉంది, దాని మీద కొంచెం నిలబడదాం. సాగునీటి కాలువ తల దగ్గర వెడల్పుగా ఉండి, తూము తూముకూ నీరు పంచుకుంటూ పోయే కొద్దీ సన్నబడుతుంది. చివరి కయ్యకు చేరేసరికి ఒక మనిషి అడ్డంగా దాటగలిగినంత మాత్రమే మిగులుతుంది. వాననీటిని మోసే వాగు దీనికి పూర్తిగా ఎదురు; అది సన్నగా పుట్టి, అటూ ఇటూ నుంచి నీరు చేరే కొద్దీ వెడల్పవుతుంది. ఆయకట్టు లేఅవుట్లుగా మారినప్పుడు, సాగునీటి కాలువలను మనం ఎవరినీ అడగకుండానే వాగులుగా వాడుకోవడం మొదలుపెట్టాము. అంటే నీరు ఎక్కువయ్యే చోట ఇరుకుగా ఉండే కాలువలోకి నీటిని మళ్లించాము. దిగువ కాలనీల్లో వాన వెలిసిన తరువాత కూడా నీరు నిలిచి ఉండటానికి ప్లాస్టిక్ కవర్లు ఒక కారణమే గానీ, వాటిని పూర్తిగా తొలగించినా ఈ రూపభేదం తొలగదు. ఈ సంగతి ఒప్పుకోకుండా చేసే ప్రణాళిక ఏదైనా కాగితం మీద బాగుంటుంది.

పొలం ఉన్నప్పుడు వాన ఎక్కడ పడితే అక్కడే కొంత నిలిచేది. ఒక చదరపు కిలోమీటరు మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే అది లక్ష ఘనపు మీటర్లు, అంటే 10 కోట్ల లీటర్ల నీరు. జానెడెత్తు గట్లున్న కయ్యలు ఆ వానలో చాలా భాగాన్ని తమలోనే ఉంచుకుని, తీరిగ్గా వదిలేవి. సిమెంటు రోడ్లు, డాబాలు, పలకలు పరిచిన వాకిళ్లు ఆ పని చేయవు. ఆ నీరంతా గంటల్లో కాలువ ముఖానికి చేరుతుంది. 2005 జూలై 26న ముంబయిలో ఒక్క రోజులో శాంతాక్రూజ్ దగ్గర 944 మిల్లీమీటర్ల వాన పడినప్పుడు, ఏళ్ల తరబడి ఇరుకైపోయిన మీఠీ నది ఏం చేసిందో దేశమంతా చూసింది. అంత వాన అక్కర్లేదు, మన కాలువలకు అందులో పదో వంతు చాలు.

ఇక్కడ రెండు రకాల వరదలను కలిపి మాట్లాడకూడదని నా మనవి. 2015 నవంబరులో మన వీధుల్లోకి వచ్చింది ప్రధానంగా మన మీద పడిన వాన. 2021 నవంబరు 19న పెన్నలో కలిసే చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయి, జాతీయ రహదారి తెగిన ఆ రోజుల్లో పొర్లుకట్ట వెంట ఉన్నవారిని ముంచింది పైనుంచి వచ్చిన నది. రెండో దానికి జలాశయాల నిర్వహణ, ముందస్తు హెచ్చరిక, కరకట్టల బలం కావాలి. కాలనీ సంఘం చేతిలో ఉన్నది తక్కువ. మొదటి దానిలో మన చేతిలో ఉన్నది చాలా ఎక్కువ. నేను ఈ రోజు మాట్లాడేది ఆ మొదటి దాని గురించే.

కాలువను ఎప్పుడు చూడాలి? మనం నవంబరులో చూస్తాము, ఎందుకంటే అప్పుడు అది మన గుమ్మంలోకి వస్తుంది కాబట్టి. నేనైతే గేట్లు మూసిన రోజుల్లో చూడమంటాను. పైరు కోతలయ్యాక, ఎడగారు అనే రెండో పంటకు నీరు ఇవ్వని సంవత్సరాల్లో వేసవి అంతా, ఇచ్చే సంవత్సరాల్లో కనీసం కొన్ని వారాలైనా, కాలువకు పైనుంచి నీరు రాదు. వాన ఉండదు. అప్పుడు కాలువ ఎండిపోయి ఉండాలి. ఉండదు, నల్లగా, నురగతో, ఏదో ఒకటి పారుతూనే ఉంటుంది. ఆ పారేదానిలో సోమశిల చుక్క లేదు, ఆకాశం చుక్క లేదు. అది పూర్తిగా మనం వదిలినదే. కాలువలో నీరు నిండుగా ఉన్నప్పుడు మురుగు పలచబడి కనపడకుండా పోతుంది. గేట్లు మూసినప్పుడు మాత్రం ప్రతి గొట్టం తన గుట్టు తానే చెబుతుంది.

దీన్ని కొలవడం కష్టం కాదు. గట్టు వెంట నడుస్తూ, కాలువలోకి దిగే ప్రతి గొట్టాన్ని, ప్రతి పక్క కాలువను ఒక సంఖ్యతో పుస్తకంలో ఎక్కించండి. గొట్టం కింద 20 లీటర్ల బకెట్టు పెట్టడానికి వీలుంటే, అది నిండడానికి ఎన్ని సెకండ్లు పట్టిందో చూడండి. 4 సెకండ్లలో నిండితే సెకనుకు 5 లీటర్లు. ఈ అంకెకు అర్థం ఏమిటంటే, పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు సరఫరా చేయాలని ప్రణాళికల్లో లెక్క వేస్తారు, అందులో 80 శాతం మురుగుగా బయటికి వస్తుందని అంచనా. ఆ లెక్కన నలుగురు చొప్పున ఉన్న 1,000 ఇళ్ల మురుగు రోజుకు 4,32,000 లీటర్లు, అంటే సగటున సెకనుకు 5 లీటర్లే. కాబట్టి ఆ ఒక్క గొట్టం వెనక సుమారు 1,000 ఇళ్లు ఉన్నాయన్నమాట. చుట్టుపక్కల అన్ని ఇళ్లు లేకపోతే, ఇంకేదో ఉందని అర్థం.

ఆ ఇంకేదో ఏమిటన్నది కొలిచే వేళను బట్టి తెలుస్తుంది. ఇళ్ల మురుగు ఉదయం ఏడింటి నుంచి తొమ్మిది దాకా పెరుగుతుంది, మధ్యాహ్నం తగ్గుతుంది, సాయంత్రం మళ్లీ కొంత పెరుగుతుంది, అర్ధరాత్రి దాటాక దాదాపు ఆగిపోతుంది. తెల్లవారుజామున మూడింటికి కూడా అదే ధార ఉంటే అది ఇళ్లది కాదు. మంచినీటి గొట్టం ఎక్కడో పగిలి ఉండాలి, లేదా భూగర్భజలం ఊరుతూ ఉండాలి, లేదా రాత్రిపూట వదిలేవారెవరో ఉండాలి. రంగు, వాసన, వేడి తోడైతే మూడో అనుమానం బలపడుతుంది. అర్ధరాత్రి గట్టు మీదికి ఒంటరిగా వెళ్లమని నేను ఎవరికీ చెప్పడం లేదు, ముఖ్యంగా విద్యార్థులకు. పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి ఎప్పుడో ఒకసారి చూస్తే చాలు.

కాలువ మొత్తం ప్రవాహానికి ఇంకొక పద్ధతి ఉంది. వంపు లేకుండా తిన్నగా సాగే భాగం ఒకటి ఎంచుకుని 10 మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టండి. ఎగువ గుర్తుకు పైన ఒక నిమ్మకాయ వేయండి. సగం మునిగి తేలుతుంది కాబట్టి గాలి దాన్ని అంతగా నెట్టదు. రెండు గుర్తుల మధ్య అది 25 సెకండ్లలో సాగితే వేగం సెకనుకు 0.4 మీటరు. పైపొర వేగం కంటే లోపలి వేగం తక్కువ కాబట్టి 0.85తో హెచ్చిస్తే 0.34 వస్తుంది. కాలువ 4 మీటర్ల వెడల్పు, సగటున అర మీటరు లోతు ఉంటే, సెకనుకు 0.68 ఘనపు మీటరు పారుతున్నట్టు. ఒకే చోట, ఒకే గుర్తుల మధ్య, నెలనెలా ఇది చేస్తే పూడిక, గుర్రపుడెక్క, జమ్ము కాలువ సామర్థ్యాన్ని ఎంత తినేస్తున్నాయో అంకెల్లో కనపడుతుంది. వంతెన స్తంభం మీద పెయింటుతో సెంటీమీటర్ల గీతలు గీయించుకుంటే, వానరోజున నీటిమట్టం చూడటానికి నీళ్లలోకి దిగనక్కరలేదు. ఒకప్పుడు ఈ పనంతా లస్కర్లు చేసేవారు. గట్టు వెంట రోజూ నడిచి, గేజి చూసి, ఎక్కడ గండి పడేట్టుందో చెప్పేవారు. గట్టు తెలిసిన మనిషి లేకపోవడం పూడిక కంటే పెద్ద నష్టమని నా అభిప్రాయం.

వానను కూడా ఎవరో ఒకరు డాబా మీద కొలవాలి. వాతావరణ శాఖ వారి వర్షపు రోజు ఉదయం 8:30కి మొదలై మరునాడు ఉదయం 8:30కి ముగుస్తుంది. మన కొలతలు కూడా అదే వేళకు తీస్తే వారి అంకెలతో పోల్చుకోవచ్చు.

ఇప్పుడు నీటి నాణ్యతకు వద్దాం. నేను రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి దీని మీద ఎక్కువసేపు మాట్లాడే ప్రమాదం ఉంది, మీరు ఓపిక పట్టాలి. నీటిలో కరిగిన ఆక్సిజన్ అన్నిటికంటే ముఖ్యమైన కొలత. 30 డిగ్రీల వేడిలో స్వచ్ఛమైన నీరు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే పట్టుకోగలదు. 20 డిగ్రీల దగ్గర అది 9 దాటుతుంది. అంటే మన ఎండలకు మన కాలువకు ఉన్న మూలధనమే తక్కువ. అందులో చేపలు బతకాలంటే కనీసం 4 ఉండాలని, మనుషులు స్నానం చేసే నీటికి కనీసం 5 ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ చెబుతుంది. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు కుళ్లబెట్టేటప్పుడు ఈ ఆక్సిజన్‌ను తినేస్తాయి. ఎంత తింటాయన్నదే బీఓడీ. స్నానపు నీటికి అది లీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదు.

స్వర్ణాల చెరువును ఒకసారి తలుచుకోండి. రొట్టెల పండుగకు లక్షలమంది వచ్చి, బారాషహీద్ దర్గా పక్కన ఆ నీళ్లలో దిగి నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరాలని వచ్చినవారు దిగే నీరు స్నానపు ప్రమాణానికి తగ్గకూడదు. పండుగ ముందు హడావుడిగా చేసే శుభ్రత కంటే, ఏడాది పొడవునా చెరువులోకి దిగే పక్క కాలువల లెక్క చూడటం ఎక్కువ మేలు చేస్తుంది.

ఆక్సిజన్ కొలవడానికి ఖరీదైన మీటరు లేకపోయినా ఫరవాలేదు. విన్‌క్లర్ అనే శాస్త్రజ్ఞుడు 1888లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ ప్రతి డిగ్రీ కళాశాల ప్రయోగశాలలోనూ నడుస్తుంది. గాలిబుడగ లేకుండా సీసా నింపి, గట్టు మీదే మాంగనస్ సల్ఫేటు, ఆ తరువాత క్షార అయొడైడు ద్రావణం కలపాలి. సీసాలో గోధుమరంగు అవక్షేపం దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు. ఎంత ముదురైతే అంత ఎక్కువ. తెల్లటి అవక్షేపం దిగితే ఆ నీటిలో ఆక్సిజన్ లేనట్టే. అంకె కోసం తరువాత ప్రయోగశాలలో ఆమ్లం కలిపి టైట్రేషన్ చేస్తాము గానీ, ఆ తెల్లరంగు చూసిన విద్యార్థికి కాలువ సంగతి వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. చేతి తొడుగులు వేసుకోండి; ఆ క్షారం చర్మాన్ని తింటుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. నాచు పట్టి పచ్చగా ఉన్న నీటిలో మధ్యాహ్నం మూడింటికి కొలిస్తే ఆక్సిజన్ చాలా బాగా కనిపిస్తుంది, ఒక్కోసారి 10 దాటుతుంది, ఎందుకంటే ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది. అదే నాచు రాత్రంతా ఆక్సిజన్ పీల్చుకుంటుంది. చేపలు చచ్చి తేలేది తెల్లవారుజామున. కాబట్టి పొద్దు పొడవకముందు తీసిన కొలతకు, మిట్టమధ్యాహ్నం తీసిన కొలతకు పోలిక లేదు. పుస్తకంలో వేళ రాయని కొలతను నేనైతే కొట్టేస్తాను.

మలకాలుష్యం తెలుసుకోవడానికి హైడ్రోజన్ సల్ఫైడు సీసా ఉంది. 1982లో మన దేశ శాస్త్రజ్ఞులే దీన్ని ప్రకటించారు. మందు పట్టించి ఎండబెట్టిన కాగితం ఉన్న సీసాలో నీరు పోసి, గది వేడిలో ఒకటి రెండు రోజులు ఉంచితే, మలసంబంధమైన సూక్ష్మజీవులు ఉన్న నీరు నల్లబడుతుంది. కాలువ నీరు ఎలాగూ నల్లబడుతుంది, దాని మీద సీసాలు వృథా చేయవద్దు. కాలువకు దగ్గరలో ఉన్న ఇళ్ల చేతిపంపులు, బోర్ల నీటికి ఈ పరీక్ష చేయండి. గ్రామాల్లో జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్లు వాడటం నేర్పుతున్నారు; పట్టణంలో పొదుపు సంఘాల వారు దాన్ని నేర్చుకోవడానికి అడ్డేమీ లేదు.

రసాయనాలు ఏవీ లేకపోయినా కాలువ అడుగున ఉండే పురుగులు చాలా చెబుతాయి. తూనీగల పిల్లలు నీటి అడుగున రాళ్లు, కలుపు పట్టుకుని నెలల తరబడి పెరుగుతాయి. అవి రకరకాలుగా దొరికిన చోట నీరు ఫరవాలేదు. తూనీగలు పోయి, బురదలో దారాల్లాంటి ఎర్రపురుగులు, తోకతో గాలి పీల్చే పురుగులు మాత్రమే మిగిలితే ఆక్సిజన్ పోయినట్టు. మన ఊరి దోమల కీర్తి నలుమూలలా ఉంది కాబట్టి ఒక మాట. బోదకాలు మోసే క్యూలెక్స్ దోమకు కదలని మురికినీరే పుట్టిల్లు. పొగ కొట్టడం ఎగిరే దోమలను చంపుతుంది, రేపు పుట్టేవాటిని కాదు. గుర్రపుడెక్క, తూటికాడ అల్లుకుని నీరు కదలని చోట్లను పుస్తకంలో గుర్తించి, ఆ కాగితాన్ని మలేరియా విభాగానికి ఇస్తే వారికీ పని తేలికవుతుంది.

ఇంతా కొలిచి ఏం చేస్తాము? ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. మన సీసాలో ఆక్సిజన్ సున్నా వచ్చిందని చూపిస్తే న్యాయస్థానంలో ఎవరికో శిక్ష పడుతుందని అనుకుంటారు. పడదు. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం సాక్ష్యంగా నిలిచే నమూనాను రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అధికారి తీయాలి. వ్యర్థం వదిలే సంస్థ వారికి అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి. వారి ఎదుట నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి, సంతకాలు తీసుకోవాలి. అధికారి ఏదో ఒక మధ్యాహ్నం వచ్చి, ధార ఆగిపోయి ఉన్న గొట్టం దగ్గర నిలబడి వెళ్లిపోతే నష్టం మనదే. గురువారాల్లో రాత్రి పదింటి తరువాత ఫలానా సంఖ్య గొట్టం నుంచి వేడినీరు దిగుతున్నదని మూడు నెలల రాత చూపిస్తే, ఆ అధికారి ఏ వేళకు రావాలో ఆయనకు తెలుస్తుంది. సాక్ష్యం ఎక్కడ, ఎప్పుడు దొరుకుతుందో చెప్పడమే మన పుస్తకం పని. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం మన ఊళ్లోనే ఉంది.

అదే చట్టంలో ప్రవాహానికి ఇచ్చిన నిర్వచనాన్ని మీరు గుర్తుపెట్టుకోవాలి. నీటిదారిలో ప్రస్తుతం నీరు పారుతున్నా, ప్రస్తుతానికి ఎండిపోయి ఉన్నా అది ప్రవాహమే. వేసవిలో ఎండిన వాగులో మట్టి పోసి, ఇక్కడ వాగెక్కడుంది అని అడిగేవారికి ఇది సమాధానం. 24వ సెక్షన్ అందులో కలుషిత పదార్థాలు వదలడాన్ని నిషేధిస్తుంది. 49వ సెక్షన్ ప్రకారం, 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి సామాన్య పౌరుడు కూడా ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. పర్యావరణ కేసులు విచారించడానికి 2010 చట్టంతో వచ్చిన జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలో ఉంది, మనకు మరీ దూరం కాదు. కానీ అక్కడ దరఖాస్తుకు సాధారణంగా వివాద కారణం మొదట తలెత్తిన తేదీ నుంచి 6 నెలలే గడువు. ఆ తేదీ ఏదో చెప్పలేక ఆగిపోయే కేసులు ఉంటాయి. తేదీ వేసిన ఫోటో, దాని పక్కన పుస్తకంలో ఒక వాక్యం ఉంటే ఆ ఇబ్బంది రాదు.

సరిహద్దుల సంగతి నీటి కంటే చిక్కైనది. కాలువ ఎంత వెడల్పో మన కళ్లు చెప్పేది కాదు, సర్వే శాఖ వారి ఎఫ్ఎంబీ, అంటే ప్రతి సర్వే నంబరు కొలతలు గీసిన క్షేత్ర కొలతల పుస్తకం, చెప్పేది ప్రమాణం. సమాచార హక్కు చట్టం కింద మీ వార్డు పరిధిలోని కాలువ పోరంబోకు సర్వే నంబర్ల ఎఫ్ఎంబీ నకళ్లు అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. 2012 నాటి రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనల్లో, 10 మీటర్లకు మించిన వెడల్పు ఉన్న కాలువ, వాగు, వాననీటి కాలువల హద్దు నుంచి 9 మీటర్లు, అంతకంటే సన్నని వాటి నుంచి 2 మీటర్లు ఖాళీగా వదలాలని ఉండేది. వాటి స్థానంలో 2017లో వచ్చిన నిబంధనలను, ఆ తరువాతి సవరణలను పట్టణ ప్రణాళిక విభాగంలో అడిగి చూసుకోండి. పాత ఎఫ్ఎంబీ కొలతలు గొలుసులు, లింకుల్లో ఉంటాయి. ఒక లింకు 20 సెంటీమీటర్ల పైచిలుకు. లైసెన్సుడు సర్వేయరు ఒకరిని వెంట పెట్టుకోవడం మంచిది, లేకపోతే వీధిలో తగవు మిగులుతుంది.

ఆక్రమణ అనగానే గట్టు మీద రేకుల ఇల్లు వేసుకున్న కుటుంబం వైపు వేలు చూపడం అలవాటైపోయింది. వారు అక్కడ ఉండటం వారికే ప్రమాదం. వారికి వేరే చోట ఇల్లు చూపించి, పని దొరికే దూరంలో చూపించి, ఆ తరువాత తరలించాలి. కానీ పట్టా భూమిలో చట్టబద్ధంగా లేచిన నాలుగు అంతస్తుల భవనం సెప్టిక్ ట్యాంకు పొంగును రాత్రికి రాత్రి కాలువలోకి కలిపితే, అది కాలువకు చేసే చేటు ఆ రేకుల ఇంటి చేటుకు ఎన్నో రెట్లు. గొట్టాల పట్టిక రాసేటప్పుడు మన సొంత అపార్టుమెంటు గొట్టంతో మొదలుపెట్టమని నా సలహా. తరువాత ఎదుటివారి గొట్టం గురించి మాట్లాడటం సులువవుతుంది.

కాలువల మీద పలకలు కప్పి రోడ్డు వెడల్పు చేయాలన్న కోరిక చాలా కాలనీల్లో ఉంది. వాసన పోతుంది, దోమలు పోతాయి, కార్లు పెట్టుకోవచ్చు అంటారు. నేను దీనికి విరోధిని. కప్పిన కాలువలో పూడిక కనపడదు, కొత్త గొట్టం కనపడదు, నీటిమట్టం కనపడదు. శుభ్రం చేయాలంటే మనిషిని లోపలికి దింపాల్సి వస్తుంది. 2013 చట్టం మురుగు కాలువల్లోకి, ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దింపడాన్ని నిషేధించింది. మూసి ఉన్న మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడు ఎక్కువైతే ముందు ముక్కుకు వాసన తెలియకుండా చేసి, ఆ తరువాత ప్రాణం తీస్తుంది. మన కార్యకర్తలెవరూ మ్యాన్‌హోలు మూత తీసి లోపలికి తొంగిచూడకూడదు, దిగడం మాట దేవుడెరుగు.

పూడికతీత గురించి అడిగారు కాబట్టి రెండు మాటలు. జూన్ నాటికి పూడిక తీశామని లెక్క చూపితే సరిపోదు; మనకు సగానికి పైగా వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో వస్తుంది. జూన్‌లో తీసిన చోట సెప్టెంబరు నాటికి జమ్ము మళ్లీ లేస్తుంది. సెప్టెంబరు చివరి వారంలో నిమ్మకాయ వేసి చూసి, మే నెల అంకెతో పోల్చి, తేడాను వార్డు సచివాలయంలో, నీటిపారుదల శాఖ సెక్షన్ కార్యాలయంలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. తీసిన పూడికను అదే రోజు తరలించాలన్న షరతు పనిపత్రంలో ఉందో లేదో కూడా అడగండి.

ఈ పనికి ఎవరు ముందుకొస్తారన్న సందేహం వద్దు. 1990 దశకం ఆరంభంలో మన జిల్లాలోని దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న మహిళలే సారా దుకాణాలను మూయించిన ఉద్యమానికి నాంది పలికారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వారికి చదువు ముందు, పోరాటం తరువాత. ఇవాళ పాలలెక్కను వంటింటి క్యాలెండరు మీద రోజూ తప్పకుండా గుర్తు పెట్టే ఇల్లాలు నెలాఖరున పాలవాడితో వాదించాల్సిన అవసరం రాదు. కాలువ లెక్కకు కావలసిన శ్రద్ధ అంతకంటే పెద్దదేమీ కాదు.

పుస్తకం ఎలా ఉండాలో చెప్పి ముగిస్తాను. ఒక్కో కాలువకు పైన ఒకటి, ఊరి మధ్య ఒకటి, ఊరు దాటాక ఒకటి, మూడు చోట్లు చాలు. ఎక్కువ పెట్టుకుంటే రెండో నెలలోనే విసుగొస్తుంది. తేదీ, వేళ, అంతకు ముందురోజు వాన, నీటిమట్టం, ప్రవాహం, రంగు, వాసన, ఆక్సిజన్, కనిపించిన పురుగులు, రాసినవారి సంతకం ఉండాలి. ఫోటో ఎప్పుడూ ఒకే గుర్తు మీద నిలబడి ఒకే వైపు తిరిగి తీయాలి. బాగున్న రోజును కూడా రాయాలి. చెడును మాత్రమే రాసిన పుస్తకాన్ని అధికారులు నమ్మరు, నమ్మకూడదు కూడా. కొట్టివేతలు గీతతో కొట్టాలి, దిద్దకూడదు. వరదరోజున గేజి గీతలను దూరం నుంచి చూడగలిగితేనే చూడండి. నీరు గట్టు అంచుకు వచ్చినప్పుడు కొలత కోసం ఎవరూ కాలువ దగ్గరికి పోవద్దు. పరీక్షల సమయంలో విద్యార్థులు రాలేరు, పండుగలకు ఊళ్లు వెళతారు. ఆ రోజులకు ఎవరు చూస్తారో కాలనీ పెద్దలు ముందే పేర్లు రాసుకోవాలి.

వచ్చే ఆదివారం ఉదయం ఆరింటికి సర్వేపల్లి కాలువ గట్టు మీద మొదటి చోటును గుర్తిద్దాం. ఒక టేపు, ఒక బకెట్టు, సెకండ్లు చూపే గడియారం, రెండు నిమ్మకాయలు తీసుకురండి. పారలు ఇంటి దగ్గరే ఉంచండి. ఆక్సిజన్ సీసాలు, మందులు నేను తెస్తాను. టైట్రేషన్‌కు ఇద్దరు రసాయనశాస్త్ర విద్యార్థులు కావాలి, సభ అయ్యాక నన్ను కలవండి.